పురుగు ఎటు నడుస్తుంది?

ప్రాణి ఎంత చిన్నదైతే దాని ఒంట్లోని నీరు అంత తొందరగా ఆవిరైపోతుంది. దీనికి కారణం సులువైన లెక్కలోనే ఉంది. సెంటీమీటరు అంచున్న ఘనాన్ని, మిల్లీమీటరు అంచున్న ఘనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, లోపలి పరిమాణంతో పోల్చినప్పుడు చిన్నదాని పైతలం పది రెట్లు ఎక్కువ. నీరు పోయేది ఆ పైతలం మీదుగానే. వేడి ఎక్కేదీ దిగేదీ కూడా అక్కడే. మనిషికి కాస్త ఉక్కగా ఉందనిపించే మధ్యాహ్నం నేల మీద పాకే వానపాముకు ప్రాణాంతకం కావచ్చు. చెమట పట్టించుకుని ఒళ్లు చల్లబరచుకునే వీలు గానీ, ఒంటి వేడిని ఒకే తీరున నిలుపుకునే శక్తి గానీ ఈ చిన్న ప్రాణుల్లో చాలావాటికి లేవు. వాటికున్న పెద్ద దారి కదలిక. బతకగలిగిన చోట ఆగడం, బతకలేని చోటి నుంచి తప్పుకోవడం. అందుకే వెన్నెముక లేని ఒక చిన్న ప్రాణి ఎటు నడిచింది, ఎంత వేగంగా నడిచింది, ఎక్కడ ఆగింది అని ఓపికగా రాసిపెట్టుకుంటే, అది చుట్టూ ఉన్న లోకాన్ని ఎలా పసిగడుతున్నదో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ పరిశోధనకు చాలాచోట్ల బడిపిల్లలు మొదట పట్టుకునే ప్రాణి ఐసోపాడ్. పూలకుండీ కిందా, కుళ్లిన ఆకుల అడుగునా, తడి ఇటుకల సందుల్లో కనిపించే బూడిదరంగు జీవి ఇది. ఒంటి మీద పెంకులు వరసగా పేర్చినట్టుంటాయి, ఏడు జతల కాళ్లుంటాయి, కొన్ని రకాలు ముట్టుకోగానే ఉండలా చుట్టుకుంటాయి. పురుగులా కనిపించినా దీని చుట్టరికం రొయ్యలతో, పీతలతో. నీళ్లు వదిలి నేల మీదికి వచ్చినా ఊపిరి తీసే పద్ధతిని మాత్రం ఇది పూర్తిగా మార్చుకోలేదు. పొట్ట కింద ఉన్న పలుచని రేకులు తడిగా ఉంటేనే దానికి గాలి అందుతుంది. కీటకాల చర్మానికి నీరు పోకుండా కాపలా కాసే మైనపు పొర కూడా దీనికి లేదు. పొడి గాలిలో ఎక్కువసేపు ఉండాల్సి వస్తే ఎండి చచ్చిపోతుంది. తేమను ఇది ఎలా వెతుక్కుంటుందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

దాన్ని అడగడానికి వాడే సాధనం ఎంపిక పెట్టె. గుండ్రని ప్లాస్టిక్ డబ్బా అడుగును అడ్డుగోడతో రెండు సగాలు చేస్తారు. ఒక సగంలో తడిపిన దూది, రెండో సగంలో తేమను పీల్చుకునే సిలికా జెల్ లేదా కాల్షియం క్లోరైడ్ పెడతారు. కొత్త చెప్పుల డబ్బాలో, మాత్రల సీసాలో కనిపించే చిన్న పొట్లాల్లో సాధారణంగా ఉండేది ఈ సిలికా జెల్లే. పైన సన్నని వల పరిచి, మూత పెట్టి, లోపలి గాలి రెండు తీరులుగా స్థిరపడేదాకా ఓ పది నిమిషాలు ఆగుతారు. కోబాల్ట్ క్లోరైడ్ పూసిన కాగితం ముక్కలు అటొకటి ఇటొకటి ఉంచితే పొడి వైపున నీలంగా, తడి వైపున గులాబీ రంగులో కనిపిస్తాయి. అప్పుడు మూత మధ్యలో ఉన్న రంధ్రం గుండా పది ఐసోపాడ్లను మెత్తని కుంచెతో లోపలికి దింపి, నిమిషానికోసారి ఏ సగంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. పావుగంట గడిచేసరికి ఎక్కువ భాగం తడి వైపు చేరి ఉంటాయి.

ఇక్కడిదాకా ఎవరైనా చేయగలరు. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. తడి వైపు చేరాయి కాబట్టి తడి కోసమే చేరాయని చెప్పగలమా? డబ్బా కిటికీ పక్కన ఉంటే, వెలుతురు పొడి సగం మీద పడి అవి చీకటి కోసం పోయి ఉండవచ్చు. బల్ల ఒక పక్కకు వాలి ఉండవచ్చు. కాల్షియం క్లోరైడ్ తేమను పీల్చుకుంటూ కాస్త వేడిని విడుదల చేస్తుంది, అంటే అవి వెచ్చదనం నుంచి తప్పుకుని ఉండవచ్చు. ఈ అనుమానాలను ఒక్కొక్కటిగా తీర్చుకోవాలి. డబ్బాను సగం చుట్టు తిప్పి మళ్లీ చేయాలి. పైన నల్ల గుడ్డ కప్పి చేయాలి. రెండు సగాల్లోనూ తడి దూదే పెట్టి, అప్పుడు ప్రాణులు సమానంగా పంచుకుంటున్నాయో లేదో చూడాలి. పిల్లలకు విసుగనిపించే ఈ చివరి మెట్టే మొత్తం ప్రయోగానికి ఆధారం. రెండు వైపులా ఒకేలా ఉన్నప్పుడు కూడా ప్రాణులు ఒకే పక్కకు పోతుంటే, లోపం పెట్టెలోనే ఉందని అర్థం.

లెక్క విషయంలోనూ జాగ్రత్త కావాలి. పదింట ఎనిమిది తడి వైపు ఉంటే ఫలితం గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే ఎనిమిదిసార్లు గానీ అంతకు మించి గానీ బొమ్మే పడే అవకాశం వెయ్యిలో సుమారు 55. కొట్టిపారేయదగినంత తక్కువేం కాదు. అదే నలభైలో ముప్పై రెండు అయితే, యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం పదివేలలో ఒకటి లోపు. నిష్పత్తి రెండు చోట్లా ఒకటే, నమ్మకం మాత్రం ఒకటి కాదు. దీనికి తోడు ఐసోపాడ్లు ఒకదాన్నొకటి ఆనుకుని గుంపుగా కూర్చుంటాయి, అలా కూర్చుంటే ఒంటి నీరు తక్కువ పోతుంది. ఒకటి ఆగిన చోట మిగతావి ఆగుతుంటే, పది ప్రాణులు ఇచ్చిన జవాబును పది వేరువేరు జవాబులుగా లెక్కించడం తప్పు. ఒక్కొక్కదాన్నే విడిగా పెట్టి చూస్తే గానీ ఈ చిక్కు విడిపోదు.

ఇలా ఒంటరిగా నడిచే ఐసోపాడ్ల నడకను గమనించి డి.ఎల్. గన్ 1937లో పోర్సెలియో స్కేబర్ అనే జాతి గురించి ఒక ముఖ్యమైన సంగతి ప్రచురించాడు. ఐసోపాడ్ తడి వైపుకు గురిపెట్టి నడవదు. తడి ఎటు ఉందో దానికి తెలియాల్సిన అవసరమే లేదు. పొడి గాలిలో ఎక్కువసేపు, చురుకుగా తిరుగుతుంది. తేమ ఎక్కువయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. ఈ ఒక్క నియమంతోనే చివరికి అన్నీ తడి వైపు పోగవుతాయి. స్పీడ్‌బ్రేకర్ దగ్గర వాహనాలు గుమిగూడడం లాంటిదే ఇది. అక్కడ చేరాలని ఏ బండీ బయలుదేరలేదు, అక్కడ వేగం తగ్గింది కాబట్టి చేరాయి. దిశతో సంబంధం లేకుండా వేగమో, మలుపుల సంఖ్యో మారే ఇలాంటి స్పందనను కైనెసిస్ అంటారు. గన్, గాట్‌ఫ్రీడ్ ఫ్రాంకెల్ కలిసి 1940లో తెచ్చిన ‘ది ఓరియెంటేషన్ ఆఫ్ యానిమల్స్’ అన్న పుస్తకం ఈ విభజనను స్థిరపరిచింది.

రెండో రకం టాక్సిస్. దీనిలో ప్రాణి నిజంగానే దిక్కు చూసుకుని నడుస్తుంది. ఈగ లార్వా దీనికి మంచి ఉదాహరణ. కండ పట్టి, ప్యూపాగా మారే వయసు వచ్చిన లార్వా వెలుతురుకు దూరంగా పాకుతుంది. పాకుతూ తలను ఎడమకొకసారి, కుడికొకసారి ఊపుతుంది. ఏ పక్క వెలుతురు ఎక్కువగా తగిలితే దానికి ఎదురు పక్కకు తిరుగుతుంది. అది తల ఎడమకు తిప్పిన ప్రతిసారీ పైనుంచి దీపం వెలిగించి, కుడికి తిప్పినప్పుడు ఆర్పేస్తే, పాపం ఆ లార్వా కుడికే మళ్లుతూ పోతుంది. ఒకచోట కొలిచింది గుర్తుంచుకుని మరోచోట కొలిచినదానితో పోల్చుకుంటున్నదని ఈ చిన్న కిటుకుతో తేలిపోయింది. రెండు కళ్లున్న ప్రాణులకు ఆ ఊపు అక్కర్లేదు, రెండు వైపుల వెలుతురును ఒకేసారి తూచుకుంటాయి. వెలుతురు వైపు నడిచే అలాంటి కీటకానికి ఒక కన్ను మూసేస్తే, తెరిచి ఉన్న కంటి వైపే తిరుగుతూ గుండ్రాలు చుడుతుంది.

ఇలాంటి కదలికలను గమనించిన జాక్ లోబ్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక తెగింపు మాట అన్నాడు: ప్రాణి కదలికలన్నీ మొక్క వెలుతురు వైపు వంగడం లాంటి తప్పనిసరి చర్యలేనని. అమెరికాలో హెర్బర్ట్ స్పెన్సర్ జెన్నింగ్స్ దీన్ని ఒప్పుకోలేదు. తక్కువ స్థాయి ప్రాణుల ప్రవర్తన మీద 1906లో రాసిన పుస్తకంలో, ఒకే ప్రాణి ఒకే ప్రేరణకు వేరువేరు వేళల్లో వేరువేరుగా స్పందిస్తుందనీ, లోపలి స్థితిని వదిలేసి బయటి ప్రేరణను మాత్రమే లెక్కించడం చాలదనీ వాదించాడు. కాలం జెన్నింగ్స్ వైపే ఎక్కువగా మొగ్గింది. 1952లో జె.ఎల్. క్లౌడ్స్లీ థాంప్సన్ ఐసోపాడ్ల మీద చేసిన పని అందుకు చక్కని రుజువు. పగలు తేమను గట్టిగా పట్టుకుని ఉండే ఆ ప్రాణులకు రాత్రి ఆ పట్టు సడలుతుంది. దాంతో చీకట్లో పొడి నేల మీదికీ వెళ్లి తిండి వెతుక్కోగలుగుతాయి. కొంతసేపు చీకట్లో ఉన్న తరువాత వెలుతురు తగిలితే మాత్రం ఇంకా తొందరగా తప్పుకుంటాయి, తెల్లవారేసరికి దాక్కోవడానికి అది పనికొస్తుంది. దాక్కున్న చోటే ఎండిపోయిందనుకుందాం. అప్పుడు నీరు కోల్పోయిన ఐసోపాడ్ వెలుతురుకు భయపడడం మాని దాని వైపే నడుస్తుంది. ప్రయోగం ఉదయం చేశారా, సాయంత్రం చేశారా, ప్రాణులు కడుపు నిండి ఉన్నాయా, దాహంతో ఉన్నాయా అన్నది రాసిపెట్టకపోతే ఫలితానికి అర్థం ఉండదు.

గన్ కంటే చాలా ముందే ఈ దారిలో నడిచిన పెద్దమనిషి చార్లెస్ డార్విన్. ఆయన చివరి పుస్తకం వానపాముల మీదే, 1881 అక్టోబరులో వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు. ఇంగ్లండులోని డౌన్ గ్రామంలో తన ఇంట్లోనే మట్టి కుండీల్లో వానపాములను పెంచి, రాత్రిపూట వాటి దగ్గర కూర్చునేవాడు. వాటికి వినపడుతుందా అని పరీక్షించడానికి ఇంటిల్లిపాదీ సాయం పట్టారు. లోహపు ఈల ఊదారు, బసూన్ అనే పెద్ద ఊదుడు వాద్యం వాయించారు, ఊపిరి తగలకుండా జాగ్రత్తపడి అరిచారు. వానపాములు చలించలేదు. పక్కనే బల్ల మీద కుండీ ఉంచి పియానో గట్టిగా వాయించినా కదల్లేదు. అదే కుండీని పియానో మీదే పెట్టి ఒక్క స్వరం మీటగానే బొరియల్లోకి దూరిపోయాయి. గాలిలో వచ్చే శబ్దం వాటికి తెలియదు, తాము ఉన్న నేల అదిరితే తెలుస్తుంది. ఒక్కదాన్ని మాత్రం మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడం ఎలాగో ఇంత సరళంగా చూపిన ప్రయోగాలు తక్కువ.

బొరియ నోటిని మూసుకోవడానికి వానపాములు ఆకులను లోపలికి లాక్కుంటాయి. ఏ కొస పట్టుకుని లాగుతాయి? డార్విన్ కాగితాన్ని పొడవాటి త్రిభుజాలుగా కత్తిరించి, తడికి పాడవకుండా కొవ్వు రుద్ది నేల మీద చల్లాడు. మొత్తం 303 త్రిభుజాల్లో 62 శాతాన్ని మొన పట్టుకుని లాగాయి, 15 శాతాన్ని మధ్యలో పట్టుకుని, 23 శాతాన్ని వెడల్పు అంచు పట్టుకుని లాగాయి. ఎలా పడితే అలా పట్టుకున్నట్టయితే లెక్క ఇలా ఉండదు. వానపాము తడిమి చూసి వస్తువు ఆకారాన్ని కొంతవరకు గ్రహిస్తున్నదన్నదే డార్విన్ నిర్ణయం. దాన్ని తెలివి అనవచ్చా అన్న చర్చ ఆ తరువాత చాలాకాలం నడిచింది. త్రిభుజాల లెక్కను మాత్రం ఎవరూ తోసిపుచ్చలేదు.

తెలుగు నేల మీద ఈ స్పందనలు ఏటా తొలకరితో కళ్లముందే జరుగుతాయి. ఆరుద్ర కార్తె వానలకు ఎర్రని ముఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు చేలల్లో కనిపిస్తాయి. రోకలిబండలు గోడలెక్కుతాయి. పుట్టల్లోంచి రెక్కల చెదలు, అంటే ఉసుళ్లు, గుంపులుగా లేచి దీపాల చుట్టూ మూగి, రెక్కలు రాల్చుకుంటాయి. వేరుశెనగ పండించే మెట్ట రైతుకు ఇదే కాలంలో ఎర్ర గొంగళిపురుగు తల్లి పురుగులు బయటికొస్తాయని తెలుసు. మట్టిలో ప్యూపాలుగా ఎదురుచూసినవి మంచి వాన పడిన కొద్ది రోజులకే రెక్కలతో లేస్తాయి. అందుకే ఆ రోజుల్లో సాయంత్రం పొలం గట్ల మీద మంటలు వేయడం, దీపపు ఎరలు పెట్టడం చేస్తారు. వానతో పాటు తేమ, చల్లదనం, మబ్బు చీకటి, చినుకుల అదురు అన్నీ కలిసే వస్తాయి గనక వీటిలో ఏది ఏ ప్రాణిని కదిలించిందో పొలంలో చూసి చెప్పడం కష్టం. విడదీయడానికి మళ్లీ పెట్టెల దగ్గరికే రావాలి.

దీపం చుట్టూ పురుగు ఎందుకు తిరుగుతుందన్న పాత ప్రశ్నకు 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక కొత్త జవాబు వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన శామ్యూల్ ఫాబియన్, అమెరికాలో పరిశోధన చేసిన యశ్ సోంధీ, వారి సహచరులు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో వేగంగా తీసే కెమెరాలతో చిమ్మటలను, తూనీగలను చిత్రించారు. పురుగులు దీపం వైపు గురిపెట్టి దూసుకురావడం లేదు. ఎగురుతూ వీపును దీపం వైపు వంచుతున్నాయి. కోట్ల ఏళ్లుగా రాత్రి ఆకాశం నేల కంటే వెలుగ్గా ఉంది కాబట్టి, వెలుగున్న వైపు పైభాగం అన్న నియమం వాటిని నిటారుగా నిలిపింది. పక్కన దీపం వెలిగితే అదే నియమం వాటిని దాని చుట్టూ కక్ష్యలో పడేస్తుంది. దీపాన్ని కింద పెట్టి పైకి వెలిగించినప్పుడు కొన్ని పురుగులు తలకిందులై నేల రాలాయి. తెల్లని గుడ్డ గుండా పైనుంచి పరుచుకున్న వెలుతురు పడేలా చేస్తే ఏ ఇబ్బందీ లేకుండా ఎగిరిపోయాయి. అయితే గన్నేరు ఆకులు తిని పెరిగే గన్నేరు చిమ్మట, పండ్ల ఈగ మాత్రం ఈ తీరున వంగలేదు. ఉసుళ్లకు ఈ వివరణ ఎంతవరకు వర్తిస్తుందో విడిగా పరీక్షించాల్సిందే.

వాసన విషయంలో తెలుగు రైతుకు బాగా పరిచయమైన సాధనం లింగాకర్షక బుట్ట. దాని వెనుక ఉన్న కథ పట్టుపురుగుది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ పట్టు చిమ్మటల గ్రంథుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థం రాబట్టి, 1959లో దానికి బాంబికాల్ అని పేరు పెట్టింది. ఒక కీటకం తన జాతిని పిలవడానికి వాడే రసాయనం ఇంత స్పష్టంగా తెలియడం అదే మొదలు. మగ చిమ్మట ఆ వాసన తగలగానే గాలికి ఎదురుగా నడుస్తుంది, వాసన తప్పిపోతే అటూ ఇటూ వంకరలు తిరుగుతూ మళ్లీ వెతుక్కుంటుంది. పత్తి చేలో గులాబీరంగు పురుగు కోసం పెట్టే బుట్ట ఈ నడవడిక మీదే ఆధారపడింది. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు ఎనిమిది మగ చిమ్మటల చొప్పున పడితే మందు అవసరమైన స్థాయికి పురుగు చేరినట్టు లెక్క. మందు కొట్టాలా వద్దా అన్నది ఇక్కడ ఒక చిన్న కీటకం నడక తేలుస్తోంది.

ఈ నడకలను లోపల నడిపించేదేమిటో తెలుసుకోవడానికి సిడ్నీ బ్రెన్నర్ మిల్లీమీటరు పొడవున్న సి. ఎలిగన్స్ అనే ఏలిక పురుగును ఎంచుకున్నాడు. ద్విలింగ రూపంలో దానికి ఉన్నవి 302 నాడీకణాలే. వాటి మధ్య లంకెల పటం 1986లో పూర్తిగా అచ్చయింది. అంతకు ముందే, 1975లో, హెజ్‌కాక్, రసెల్ దీని గురించి ఒక విచిత్రం చూపారు. ఒక చివర చల్లగా, ఇంకో చివర వెచ్చగా ఉన్న పలక మీద వదిలితే, తాను తిండి తిని పెరిగిన ఉష్ణోగ్రత దగ్గరికే ఈ పురుగు చేరుకుంటుంది. ఆ ఉష్ణోగ్రతలో ఆకలితో మాడి ఉంటే అక్కడ నిలవదు, చెదిరిపోతుంది. మూడు వందల నాడీకణాలతో ఇది వేడిని కొలుస్తుంది, గుర్తుంచుకుంటుంది, దానికి తిండి జ్ఞాపకాన్ని ముడిపెడుతుంది.

మన దేశంలో ఈ పరిశోధనకు పునాది బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పడింది. అమెరికాలో సీమోర్ బెంజర్ 1967లో గాజు గొట్టాల అమరికతో వెలుతురు వైపు పోయే పండ్ల ఈగలను, పోనివాటిని వేరుచేసి, ప్రవర్తనకు కారణమైన జన్యువులను పట్టుకునే దారి వేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన ఒబైద్ సిద్దిఖీ, తన విద్యార్థిని వెరొనికా రోడ్రిగ్స్‌తో కలిసి అదే ఆలోచనను వాసనకు, రుచికి మళ్లించాడు. కొన్ని వాసనలను పసిగట్టలేని ఈగలను వేరుచేసి, 1978లో ఆ ఫలితాలు ప్రచురించారు. ప్రపంచంలో ఈ రంగానికి దారి తీసిన తొలి పనుల్లో అదొకటి. సిద్దిఖీ తరువాత బెంగళూరులో నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌ను నెలకొల్పాడు. ఈ పేర్లకు మన పాఠ్యపుస్తకాల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

చిన్న ప్రాణుల స్పందన తెలిశాక దాన్నే పనిముట్టుగా వాడుకోవడం మొదలైంది. మట్టిలో కంటికి ఆనని జీవులను ఏరి లెక్కపెట్టడం చేతులతో అయ్యే పని కాదు. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లేసే 1905లో గరాటు మీద మట్టి ఉంచి వేడి చేసే పద్ధతి కనిపెట్టాడు. స్వీడన్‌లో ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ 1918లో దానికి పైనుంచి విద్యుత్ బల్బు అమర్చాడు. వేడికీ, వెలుతురుకీ, ఆరుతున్న మట్టికీ దూరంగా జీవులు కిందికి దిగి, గరాటు గుండా సీసాలో పడతాయి. నేటికీ మట్టిలోని జీవరాశిని అంచనా వేయడానికి ఇదే వాడుతున్నారు.

ఎంపిక పెట్టె కూడా పెద్ద కొలువుకే ఎక్కింది. మట్టిలో విషం ఉందేమో తేల్చడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2008లో వానపాముల తప్పుకోలు పరీక్షను ప్రమాణంగా ప్రకటించింది. వాడే జాతుల్లో ఒకటి ఐసీనియా ఫెటిడా, మన దగ్గర వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపామే. పెట్టెలో ఒక సగం మంచి మట్టి, రెండో సగం అనుమానం ఉన్న మట్టి నింపి, అడ్డుగోడ తీసి, సరిహద్దు గీత మీద పది పెద్ద వానపాములను వదులుతారు. 48 గంటల తరువాత మళ్లీ గోడ దించి లెక్కపెడతారు. అనుమానం ఉన్న సగంలో 20 శాతం లోపే మిగిలితే ఆ మట్టి ప్రాణులు ఉండదగినది కాదని తీర్మానిస్తారు. రెండు వైపులా మంచి మట్టే పెట్టి చూసే పరీక్ష ఇక్కడా తప్పనిసరి. ఎన్ని చచ్చాయో చూసే పాత పరీక్షకు 14 రోజులు పట్టేది, పైగా చంపనంత మోతాదులో ఉన్న హాని అందులో బయటపడేది కాదు.

అయితే తప్పుకోలేదు కాబట్టి మట్టి శుభ్రమేనని ఈ పరీక్ష చెప్పదు. వానపాములు ప్రతి విషాన్నీ పసిగట్టలేవు. నరాల మీద పనిచేసే మందైతే, పసిగట్టినా తప్పుకునే శక్తే వాటికి పోవచ్చు. అందుకే తప్పుకోలు పరీక్షతో మొదలుపెట్టి, అనుమానం తీరని మట్టిలో వానపాములను ఉంచి, 56 రోజులకు ఎన్ని పిల్లలు పుట్టాయో లెక్కించే పునరుత్పత్తి పరీక్షకు వెళతారు.